సాయం వేరు, నష్టానికి ఈడు వేరు



సంగనకల్లు అనగానే చదువుకున్నవాళ్ళకు మన గుట్టలు గుర్తొస్తాయి. వేల ఏళ్ళ కిందట ఆ గుట్టల మీద రాతిగొడ్డళ్ళు చెక్కినవాళ్ళు గుర్తొస్తారు. ఈసారి మనం చెప్పుకోబోయే చరిత్ర రాతి మీద లేదు, కాగితం మీద ఉంది. ఒకరి అజాగ్రత్త వల్ల మన ఒంటికి దెబ్బ తగిలినా, వైద్యంలో తప్పు జరిగి ఇంటి మనిషి పోయినా, ‘మాకు జరిగిన నష్టం కట్టివ్వండి’ అని అడిగే హక్కు మనలాంటివాళ్ళకు ఎప్పుడు వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అన్నదే ఆ చరిత్ర.

ఇప్పుడే ఎందుకంటే, 2024 నవంబరు మనమెవరం మరిచిపోలేదు. ఆ నెల రెండో వారంలో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ ఆపరేషన్లయిన తల్లుల్లో కొందరికి వరసగా ఆరోగ్యం విషమించింది. డిసెంబరు మొదటి వారానికి అయిదుగురు తల్లులు పోయారు. అనుమానం వాళ్ళకెక్కించిన రింగర్ లాక్టేట్ సెలైన్ మీద పడింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ సెలైన్ వాడకం ఆపింది, ఔషధ నియంత్రణాధికారిని సస్పెండ్ చేసింది, ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు ప్రకటించింది. ఆ తర్వాత ఊళ్ళో చాలామంది నోట వినబడిన మాట ఒకటే: ‘పరిహారం వచ్చింది కదా, ఇంకేముంది?’

ఆ మాట దగ్గరే మనం కాస్త ఆగాలి.

మేము చదువుకున్నది తమిళ మీడియంలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రైల్వే ఆఫీసులో ఇంగ్లీషు, ఇప్పుడు చుట్టూ కన్నడం. అందుకని ఒక మాట ఏ భాషలో ఎట్లా ఉందో చూడటం మాకు అలవాటు. తమిళంలో ఇలాంటి డబ్బును ‘నష్టఈడు’ అంటారు. ఈడు అంటే సరిసమానమైనది. మనం ‘ఈడూ జోడూ’ అంటామే, ఆ ఈడే. పోయినదానికి సరితూగేటట్టు కట్టివ్వడం అని అర్థం. కరువొచ్చినప్పుడు, వరదొచ్చినప్పుడు సర్కారు ఇచ్చేదాన్ని వాళ్ళు ‘నివారణం’ అంటారు. అక్కడ రెంటికీ రెండు మాటలున్నాయి. ఇక్కడ కన్నడంలోనూ, మన తెలుగు వాడుకలోనూ రెంటికీ ‘పరిహారం’ అన్న ఒక్క మాటే తిరుగుతుంది. పంట పోతే ఇచ్చేదీ పరిహారమే, తప్పు తేల్చి కోర్టు ఇప్పించేదీ పరిహారమే. మాట ఒకటి కావడంతో మనసులోనూ రెండూ ఒకటైపోయాయి.

కానీ చట్టంలో అవి రెండు. సాయం ఇచ్చేవాళ్ళ దయ. ఎంత ఇవ్వాలో వాళ్ళే అనుకుంటారు, తప్పు ఎవరిదో చెప్పనక్కరలేదు. నష్టానికి ఈడు మన హక్కు. తప్పు ఎవరిదో తేలాలి, పోయినదెంతో లెక్క కట్టాలి. సాయం తీసుకున్నంత మాత్రాన హక్కు పోదు. కోర్టు ఈడు లెక్క కట్టేటప్పుడు ముందు వచ్చిన సొమ్మును అందులో మినహాయించుకోవచ్చు, అంతే.

ఈ హక్కు ఒక్కరోజులో రాలేదు. పాతకాలపు ఇంగ్లీషు న్యాయంలో అయితే మనిషికి గాయమైతే దావా వేయొచ్చు, మనిషి చచ్చిపోతే వేయడానికి లేదు. 1808లో అక్కడ ఒక గుర్రపు బండి బోల్తాపడి ఒకాయన భార్యకు దెబ్బలు తగిలాయి. నెల రోజులకు ఆవిడ పోయింది. కోర్టు ఆయనకు ఆ నెల రోజుల నష్టం మాత్రమే ఇప్పించి, చావుకు సివిల్ కోర్టులో నష్టం అడగడానికి లేదు పొమ్మంది. అంటే కాలు విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలి, ప్రాణం తీసినవాడు కట్టనక్కరలేదు. ఇంగ్లండులో రైళ్ళు వచ్చి, ప్రమాదాలు పెరిగాక 1846లో ఆ దేశం ఈ సూత్రాన్ని మార్చుకుంది.

మన దేశంలో మొదటి ప్యాసింజరు రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. రెండేళ్ళు తిరక్కుండానే 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. ఒకరి తప్పు వల్ల మనిషి పోతే అతని భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు నష్టం అడగవచ్చని అందులో రాశారు. 1871లో మద్రాసు రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసేనాటికి ఈ చట్టం అమల్లోనే ఉంది. మన బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలో జిల్లా. రైలు, దానితోపాటు నష్టం అడిగే హక్కు, రెండూ ఇంచుమించు ఒకే తరంలో మన ప్రాంతానికి వచ్చాయి. తమాషా ఏమిటంటే 170 ఏళ్ళ నాటి ఆ చట్టం ఇవాళ్టికీ బతికే ఉంది.

ఇది పుస్తకంలోనే ఉండిపోయిందా అంటే, లేదు. 1947లో పళని – ధారాపురం దారిలో ఒక బస్సు ప్రమాదంలో మనిషి పోతే ఆ కుటుంబం ఈ చట్టం కిందే దావా వేసింది. గోబాల్డ్ మోటార్ సర్వీస్ కేసు అంటారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పోయిన మనిషి ఇంకెన్నాళ్ళు సంపాదించేవాడు, ఇంటికెంత ఇచ్చేవాడు అని లెక్క కట్టే పద్ధతికి ఆ తీర్పు ఒక మొదటి మెట్టు. ఈరోజు మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్ళలో వయసునుబట్టి గుణకం వేసి లెక్క కడుతున్నారంటే దాని వెనక ఇలాంటి కుటుంబాల ఓపిక ఉంది.

రెండో తలుపు కూలివాళ్ళ కోసం తెరుచుకుంది. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. దీని గొప్పతనం ఒక్కటే: యజమాని తప్పు చేశాడని కూలివాడు రుజువు చేయనక్కరలేదు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. కూలివాణ్ణి కాంట్రాక్టరు పెట్టుకున్నా, పని ఎవరిదో ఆ అసలు యజమాని కూడా బాధ్యుడే. రాతిపొడి వల్ల వచ్చే సిలికోసిస్‌ను కూడా వృత్తి జబ్బుల జాబితాలో చేర్చారు. చుట్టూ క్వారీలు, క్రషర్లు, సండూరు వైపు గనులు ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి చట్టం ఇంకొకటి లేదు. 2020 సామాజిక భద్రతా స్మృతిలో ఈ చట్టాన్ని కలిపారు. పేరు మారినా మూలసూత్రం అదే.

మూడోది మేము ఉద్యోగం చేసిన రైల్వే. 1989లో రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. 1994లో చట్టాన్ని సవరించి, రెండు రైళ్ళు గుద్దుకుంటేనే కాదు, నడిచే రైల్లోంచి ప్రయాణికుడు జారిపడినా, బండిలో దోపిడీ, దాడి జరిగినా నష్టం ఇవ్వాలన్నారు. 2017 జనవరి 1 నుంచి చావుకు 8 లక్షలు. శవం దగ్గర టికెట్టు దొరక్కపోతే కేసు నిలబడదనే మాట చాలాకాలం అందరి నోటా ఉండేది. 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను సరిచేసింది. టికెట్టు లేనంత మాత్రాన క్లెయిము పోదు. కుటుంబం అఫిడవిట్టు వేసి తమకు తెలిసినది చెబితే, అది కాదని చూపే భారం రైల్వే మీద పడుతుంది. పడిపోయిన మనిషి జేబులోని చీటీ ఎక్కడికి ఎగిరిపోయిందో వెతికి తెమ్మని వితంతువును అడగకూడదు కదా.

ఇంతవరకు కంపెనీలు, యజమానులు, రైల్వే. మరి తప్పు సర్కారుదే అయితే? ఇక్కడ మన పక్క అప్పటి కర్నూలు జిల్లా కథ చెప్పాలి. కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డి తమ ప్రాణాలకు ముప్పుందని ముందే చెప్పుకున్నారు. కాపలా సరిగా లేదు. 1977 ఏప్రిల్ 26 అర్ధరాత్రి జైలు మీద బాంబుదాడి జరిగింది. తండ్రి పోయాడు, కొడుకు గాయపడ్డాడు. కుటుంబం సర్కారు మీద దావా వేసింది. కాలపరిమితి దాటిందని కింది కోర్టు కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని తిరగదోడి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇవ్వమంది. సర్కారు సుప్రీంకోర్టుకు వెళ్ళి, జైలు నడపడం సార్వభౌమాధికారం కిందికి వస్తుంది కాబట్టి మేము కట్టనక్కరలేదని వాదించింది. అలా వాదించడానికి 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు ఒకటి ఉండేది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, సార్వభౌమాధికారం పేరు చెప్పి దాన్ని కాదనలేరు అంది. దాడి జరిగిన 23 ఏళ్ళకు ఆ కాగితం తేలింది. ఫ్యాక్షన్ గొడవల కథలు మనం చాలా విన్నాం. అందులోంచి దేశమంతటికీ పనికొచ్చే తీర్పు ఒకటి పుట్టిందని మాత్రం చాలామందికి తెలియదు.

ఇక ఆసుపత్రులు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొందరు రోగులు ఆసుపత్రుల మీద ఫోరాలకు వెళ్ళారు. వైద్యం సరుకు కాదు, సేవ అంటే అది కాదు అని డాక్టర్ల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995 నవంబరు 13న వి.పి. శాంత కేసులో తీర్పు వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వస్తుంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి రాదు. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోటైతే, ఉచితంగా చేయించుకున్నవాళ్ళు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఈ మూడు వాక్యాలు గుర్తుంచుకుంటే సగం చట్టం తెలిసినట్టే.

హైదరాబాదులో రెండు కేసులు ఈ దారిని వెడల్పు చేశాయి. మొదటిది నిమ్స్ కేసు. 1990లో 20 ఏళ్ళ ఇంజనీరింగు విద్యార్థి ప్రశాంత్ ధనంకకు ఛాతీలో గడ్డ ఉందని నిమ్స్‌లో ఆపరేషన్ చేశారు. లేచేసరికి నడుము కింద భాగం చచ్చుబడింది. ఒప్పుకోలు తీసుకున్నది పరీక్షకు ముక్క తీయడానికి, చేసింది గడ్డ మొత్తం తీయడం. వెన్నెముక దగ్గరి గడ్డ అయినా నరాల సర్జను అక్కడ లేడు. 1993లో జాతీయ కమిషన్‌కు వెళ్ళారు. 1999లో 15.5 లక్షలు ఇప్పించారు. చాలదని ఆయన, ఇవ్వక్కరలేదని ఆసుపత్రి, ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నారాయన. 2009 మే 14న కోర్టు కోటి రూపాయలు, దాని మీద వడ్డీ ఇప్పించింది. జీవితాంతం కావలసిన నర్సు, మందులు, పోయిన జీతం, అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. దాన్నే మేము ఈడు అంటున్నాం.

రెండోది వి. కిషన్ రావు కేసు. ఆయన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మలేరియా శాఖలో అధికారి. 2002లో ఆయన భార్యకు చలిజ్వరం వస్తే నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఇంకో ఆసుపత్రికి మార్చేసరికి చేయి దాటిపోయింది. ఉన్నది మలేరియా. జిల్లా ఫోరం 2 లక్షలు ఇప్పించింది. డాక్టరు తప్పని చెప్పడానికి నిపుణుడైన ఇంకో డాక్టరు సాక్ష్యం ఏదని పైకోర్టులు దాన్ని కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదు, ఆసుపత్రి కాగితాల్లోనే తప్పు కనబడుతుంటే చాలు అంది. ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు చేత సాక్ష్యం చెప్పించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు ఈ తీర్పు విలువ తెలుస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు. రోగి బతకలేదంటే డాక్టరు తప్పు చేసినట్టు కాదు. సాటి డాక్టరు ఎవరైనా తీసుకునే మామూలు జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే ప్రశ్న. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే అది ఘోరమైన నిర్లక్ష్యమై ఉండాలంది. కోపంతో ఆసుపత్రి అద్దాలు పగలగొట్టి, పోలీస్ స్టేషన్ ముందు కూర్చుని, నాలుగో రోజు ఊరుకోవడం మనవాళ్ళలో ఉంది. అద్దాలు పగలగొడితే కేసు మన మీదకే వస్తుంది. చేయవలసింది కాగితం పట్టుకోవడం.

ఇప్పుడు మన జిల్లా తల్లుల సంగతికి వద్దాం. ‘ధర్మాసుపత్రి, ఉచితం, అడగడానికేముంది?’ అన్నవాళ్ళకు చరిత్రలోనే జవాబుంది. 1963లో ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో కాన్పు తర్వాత ఒక తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తూ కడుపులో గుడ్డ వదిలేశారు. ఆవిడ పోయింది. భర్త సివిల్ కోర్టులో దావా వేశాడు. కింది కోర్టు 36,000 రూపాయలు ఇప్పిస్తే హైకోర్టు కొట్టేసింది. 1996లో అచ్యుతరావు ఖోడ్వా కేసుగా సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ప్రభుత్వ డాక్టర్ల నిర్లక్ష్యానికి ప్రభుత్వం జవాబుదారీ అంది. వినియోగదారుల కమిషన్ తలుపు మూసి ఉన్నా సివిల్ కోర్టు తలుపు మూయలేదన్నమాట. మన జిల్లా ఆసుపత్రిలో ఎవరి దగ్గరైనా రుసుం తీసుకుంటున్నారా, అందరికీ అన్నీ ఉచితమేనా అన్నది వకీలు మొదట చూడాల్సిన సంగతి. దాన్నిబట్టి ఏ తలుపు తట్టాలో తేలుతుంది.

అయితే ప్రతి తలుపుకూ ఒక గడియారం ఉంది. మోటారు ప్రమాదమైతే 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. రైల్వే క్లెయిముకు ఒక ఏడాది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళు. 1855 చట్టం కింద దావాకు మనిషి పోయిన రోజు నుంచి రెండేళ్ళు. సర్కారు మీద దావా వేసేముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్లు, రైల్వే ట్రిబ్యునల్ మన్నించవచ్చు. సివిల్ దావాకు ఆ వెసులుబాటు లేదు. 2024 నవంబరు, డిసెంబరుల్లో పోయిన తల్లుల విషయంలో ఆ రెండేళ్ళు 2026 నవంబరు, డిసెంబరులతో నిండుతాయి. 5 లక్షలు వచ్చాయి కదా అని ఊరుకున్న ఇంట్లో కూడా ఆ గడియారం ఆగదు. ఆ పసిబిడ్డల్లో ఒకరు పెద్దయ్యాక ‘మా అమ్మ ఎందుకు పోయింది?’ అని అడిగితే, చూపించడానికి చెక్కు నకలు కాకుండా ఇంకో కాగితం ఉండాలి. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చి చెప్పే కాగితం అది. సాయం దాన్ని ఇవ్వదు, దావా ఇస్తుంది.

సరిహద్దులో ఉన్న మనకు ఒక మేలు కూడా జరిగింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం నుంచి వైద్యానికి బళ్ళారికి వచ్చేవాళ్ళు ఎందరో. 1953 అక్టోబరు 1న గీత గీశారు గానీ జబ్బులకు గీత తెలియదు. పాత చట్టంలో ఆసుపత్రి ఉన్న చోటే, అంటే బళ్ళారిలోనే ఫిర్యాదు చేయాలి. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మనం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆదోని మనిషి కర్నూలులో వేసుకోవచ్చు. వైద్యానికి కట్టిన డబ్బు 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

చివరగా, బల్ల దగ్గర బతుకంతా ఫైళ్ళు కట్టిన గుమాస్తాలుగా మేము చెప్పేది ఒక్కటే. పైన చెప్పిన కేసులన్నీ కాగితాల మీదే నిలబడ్డాయి. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి చీటీ ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, పరీక్షల రిపోర్టులు, ఒప్పుకోలు పత్రం నకలు కావాలని రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలో ఉంది. మూడేళ్ళు దాచాలనీ ఉంది. అర్జీ మీద తేదీ వేయించి, ముద్ర వేయించి, ఒక నకలు ఇంట్లో పెట్టుకోవాలి. ఎక్కించిన సెలైన్ సీసా మీది బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసినా అది సాక్ష్యమే.

వకీలు ఖర్చు భయం అక్కరలేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కర్మాగారాల కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. బళ్ళారి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవల ప్రాధికారం ఉంది. కన్నడంలో అర్జీ రాయడం రాక వెనకాడేవాళ్ళు మన సంఘం దగ్గరికి రండి. అర్జీ రాసిపెట్టడం, కాగితాలు వరసగా ఫైలు కట్టడం మేము చేసిపెడతాం. మీకు తెలిసిన ఇంట్లో అలాంటి కష్టం జరిగి ఉంటే ఈ సంగతి ఆ ఇంటికి చేర్చండి. ఏ రోజు జరిగిందో ఆ తేదీ మొదట అడిగి రాసుకోండి.